వంకాయ కారు, మామగారి సైకిలు

సంక్రాంతి సెలవులలో పిల్లలను ఎచ్చటికి తీసికొనిపోవలయునని మా యింట వారము దినములు చర్చ జరిగినది. మేము నివసించునది మణికొండ. ఒకప్పుడు రాతిగుట్టల నడుమ చిన్న పల్లెయై యుండిన యీ చోటు నేడు ఆకాశమును తాకు మేడలతో నిండిపోయినది. మా పదునొకండవ అంతస్తు బాల్కనీలో నిలిచి చూచినచో, ఖాజాగూడ గుట్టలరాళ్ళు మేడల సందులనుండి కొంచెము కొంచెముగా అగపడును. ఆ రాళ్ళను చూచుచు కూర్చుండుటయే మా అత్తగారికి నిత్యకృత్యమైపోయినది.

అత్తగారు మా యింటికి వచ్చి అప్పటికి ఏడు నెలలు. మామగారు కాలధర్మము నొందిన పిమ్మట, సూర్యాపేట చేరువనున్న మా పల్లెలోని యింటికి తాళము వైచి, ఆమెను మా వెంట తోడ్కొని వచ్చితిమి. వేళకు అన్నము, వేళకు మందు, సాయంకాలము లిఫ్టులో దిగి పూలమొక్కల నడుమ నాలుగు అడుగులు. ఆమెకు ఏ లోటును చేయలేదనియే మేము తలచుచుంటిమి. కాని ఆమెకు మాటలు తగ్గినవి. నవ్వుట యైతే మేము చూడనే లేదు.

పిల్లవానికి మాల్‌లోని ఆటలు కావలెను. పిల్లకు జూ కావలెను. మావారు సాలార్‌జంగు మ్యూజియమునకు పోదమనిరి. అది అందరెరిగినదే, 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడిలో నెహ్రూగారిచే తెరువబడి, 1968లో మూసీ యొడ్డునగల నేటి భవనమునకు మారినది. గంటగంటకును చిన్న బొమ్మ వెలికివచ్చి గంట కొట్టు గడియారమును, పాలరాతిలో చెక్కిన మేలిముసుగు రెబెకాను చూడని వారు మన నగరమున తక్కువ. “మూడుమార్లు చూచితిమి, మరల ఆ గడియారమేనా?” అని పిల్లవాడు మూతి ముడిచెను. అప్పుడు ప్రక్క ఫ్లాటులోని సోదరి యొకతె, “బహదూర్‌పురాలో చిత్రమైన కార్ల మ్యూజియము కలదు, జూ దగ్గరనే; చూచితిరా?” అని యడిగినది. ఒక్క దెబ్బకు రెండు కోర్కెలును తీరునని పిల్ల యెగిరి గంతు వేసెను.

మేము మెహిదీపట్నము, అత్తాపూరు మీదుగా పోయితిమి. పండుగకు జనులందరు ఊళ్ళకు తరలిపోయినందున దారి ఖాళీగా నుండెను. హైదరాబాదు అందము చూడవలయునన్న సంక్రాంతి మూడు దినములే చూడవలయును సుమా. మీరాలం చెరువు కనబడగానే మావారు, ఆ కట్ట తిన్నని గోడ కాదనియు, ఇరువదియొక్క కమానులు వరుసగా పేర్చి కట్టినదనియు, నీటి బలమును ఒక్కొక్క కమాను ప్రక్కలకు త్రోసివేయుననియు పిల్లలకు బోధించిరి. పిల్లలు చెవిని పెట్టలేదు. అత్తగారు మాత్రము తల త్రిప్పి, చెరువు కనుమరుగగువరకు చూచిరి.

ఆ మ్యూజియము పేరు సుధా కార్స్ మ్యూజియము. కన్యబోయిన సుధాకర్ యాదవ్ గారు దీనిని 2010లో స్థాపించిరి. బడిలో చదువుకొను దినములనుండియు ఆయనకు పాత ఇనుప సామానుతో బండ్లు చేయుట వేడుకయట. సాలార్‌జంగు గారి వస్తువులు ధనము వెచ్చించి దేశదేశముల నుండి తెప్పించినవి. ఇక్కడివి మన మూలల బడియుండు తుక్కును ఏరి తెచ్చి అతికినవి. రెండును ఒక్క నగరముననే యున్నవి. మాకైతే రెండవదియే మన యింటి వ్యవహారమునకు దగ్గరగా తోచినది.

టిక్కెట్లు కొని లోపలికి పోగానే పిల్లల కేకలకు అదుపు లేకపోయెను. క్రికెట్టు బ్యాటు ఒక కారు, బంతి ఒక కారు. కెమెరా, కంప్యూటరు, సోఫా, మంచము, స్నానపు తొట్టి, బర్గరు, అన్నియు కార్లే. పిల్లలు వ్రాసికొను పెన్ను, పెన్సిలు, దానిని చెక్కు షార్పెనరు సైతము చక్రములు తగిలించుకొని నిలిచినవి. ఇవి బొమ్మలు కావు, నడిచెడి బండ్లు. పైకి ఏ రూపమున నున్నను లోపల ఇనుప గొట్టముల చట్రము, ఇంజను, స్టీరింగు, బ్రేకు అన్నియు అమరియున్నవి. ఎన్ని దినములలో చేసినది, గంటకు ఎంత వేగమున పోగలదు అను సంగతులు చెంతనే పలకపై వ్రాసియున్నవి. పాయఖానా కుర్చీ ఆకారముననున్న కారును జూచి అత్తగారు ముక్కుపై కొంగు కప్పుకొనిరి. పొగత్రాగుట వలని చేటు తెలుపుటకు సిగరెట్టు రూపమున బండి చేసినట్లే, ఎయిడ్స్ వ్యాధి విషయమై హెచ్చరించుటకు చేసిన బండియు నొకటి కలదు. “ఇదేమి ఆకారము నాన్నా?” అని పిల్లవాడు అడిగెను. మావారు గోడవంక చూచుచు, “ముందుకు నడువుము” అనిరి.

స్త్రీల దినోత్సవమునకై చేసిన కార్లయొద్ద మేము కొంత సేపు ఆగితిమి. హ్యాండుబ్యాగు, ఎత్తు మడమ చెప్పు, లిప్‌స్టిక్కు. పనితనము మెచ్చదగినదే. కాని స్త్రీలనగానే ఈ మూడే జ్ఞప్తికి వచ్చుట యేమో! ఒక కుట్టుమిషనో, ఒక రుబ్బురోలో చక్రములు కట్టుకొని పోవుచున్నచో మేము మరింత సంతసించియుందుము. ఈ మాట మావారితో అనగా, “రోలు బరువునకు ఇంజను చాలదు” అని త్రోసివేసిరి. మా అమ్మాయికి మాత్రము చెప్పుకారే నచ్చెను. దానిలో కూర్చుండినచో కాళ్ళకు వేరుగా చెప్పులతో పని లేదట.

ఆ మీద వచ్చినది వంకాయ కారు. నిగనిగలాడు వంకరంగు, మీద ఆకుపచ్చని ముచ్చిక. అత్తగారు దానిముందు నిలిచి, ఆ చివరనుండి ఈ చివరకు చూచి, “అమ్మో, గింత వంకాయనా! దీంట్ల కారం కూరాల్నంటె కుంచెడు గూడ సాలదు గదనే కోడలా!” అనుచు నవ్విరి. పయ్యెద నోటికి అడ్డము పెట్టుకొని, భుజములు కదలునట్లు నవ్విరి. మేమును మావారును ఒకరి ముఖమొకరము చూచుకొంటిమి. ఇచటికి వచ్చిన ఖర్చు అప్పటికే తీరినట్లు మాకు తోచినది.

వేరొక ప్రక్క సైకిళ్ళు కలవు. కొన్ని తాటిచెట్టువలె పొడవు, కొన్ని పసిపిల్లలకును చాలనంత పొట్టి. ముందు పెద్ద చక్రము, వెనుక చిన్న చక్రము గల సైకిలును జూచి పిల్లవాడు, “ఇట్లేల చేసిరి?” అని అడుగగా, ఈ పర్యాయము మావారి బోధనను అందరమును వింటిమి. గొలుసు లేని కాలమున పెడలు ముందు చక్రమునకే యుండెడిది; ఒక్కసారి త్రొక్కినచో ఎక్కువ దూరము పోవలయునన్న చక్రము పెద్దదిగా నుండక తప్పదు. దానిపైకి ఎక్కుటయు కష్టము, పడినచో తల పగులుట నిశ్చయము. 1885లో ఇంగ్లండున స్టార్లీ అను నాతడు ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు గొలుసును గల రోవరు సైకిలును తెచ్చిన పిదపనే అది జనులందరి వాహనమైనది. మన పల్లెల సైకిలు దాని సంతతియే. ఇక సుధాకర్ గారి పేరు దేశాంతరములకు ప్రాకినదియు మూడుచక్రముల సైకిలు వలననే. 2005 జూలై 1వ తేదీన హైదరాబాదు వీధిలో నడిపిన ఆ సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళములు. చక్రమే 17 అడుగులు. ప్రపంచమున అన్నిటికంటె పెద్దదని గిన్నిస్ వారు దానిని నమోదు చేసిరి.

మేము ఈ లెక్కలలో నుండగా అత్తగారు వెనుకబడిరి. మరలి చూడగా, ఒక సైకిలు ముందు కదలక నిలిచియున్నారు. మేము దగ్గరకు పోవగానే కుమారుని వంక తిరిగి, “మీ నాయిన సైకిలు ఏం జేసిన్రు బిడ్డా?” అని యడిగిరి.

సోదరీమణులారా, ఇచట మా తప్పు దాచుకొనుట న్యాయము కాదు. మామగారు బడిపంతులుగా నుండి, ముప్పది యేండ్లు ఆ సైకిలు మీదనే పొరుగూరి బడికి పోయి వచ్చిరి. ఇంటికి తాళము వేయు నాడు అది దొడ్డిలో తుప్పుపట్టి, టైర్లు చినిగి యుండెను. దీనిని ఏమి చేయుదమని మావారు తటపటాయించుచుండగా, “ఇంక నెవ్వరు త్రొక్కెదరు? పాత ఇనుము వానికి ఇచ్చివేయుడు” అనినది మేమే. పెద్దబావగారిని ఫోనులో అడిగితిమి, ఆడపడుచును అడిగితిమి. లోపలి గదిలో బట్టలు సర్దుకొనుచుండిన అత్తగారిని అడుగవలయునని మాకు తోచనే లేదు.

మావారు నేల చూచిరి. మేమే చెప్పితిమి.

“ఎంతకిచ్చిన్రు?”

“450 రూపాయలకు, అత్తమ్మా.”

“బెల్లు గూడనా?”

బెల్లు కూడ.

ఆమె కొంతసేపటికి, ఎవ్వరితోనో చెప్పుచున్నట్లు మెల్లగా అనిరి. “నేను గూడ తొక్కిన దాన్ని. పెండ్లయిన రెండో ఏడు, ఎన్నెల రాత్రుల్ల కల్లంల నేర్పిండు మీ నాయిన. మోకాలు పగిల్తె, బాయికాడ జారిన అని మా అత్తకు చెప్పిన. ఒక్కనాడు తెల్లారకముందే చెరువు కట్ట దాక ఒక్కదాన్నే పోయి వచ్చిన. ఎవ్వలు సూడలె. మీ నాయినకు గూడ చెప్పలె.”

ఏబది యేండ్లుగా ఎవ్వరును వినని ఈ మాట, సెలవు దినపు జనుల సందడిలో, బర్గరు కారు దగ్గర ఫోటోలు దిగువారి కేకల నడుమ బయటపడినది. మావారికి తల్లి సైకిలు త్రొక్కినదని నలుబది యారేండ్ల వయసున తెలిసినది. మేము ఏమనవలయునో తెలియక ఆమె చేయి పట్టుకొంటిమి. ఆమె విడిపించుకొనలేదు, గట్టిగా పట్టుకొననూ లేదు. “పాండ్రి, పోరగాండ్లకు ఆకలయితున్నట్టుంది” అని ముందుకు నడిచిరి. జూ చూచుట ఆ దినమున జరుగలేదు. పిల్ల యేడ్చినది గాని, సాయంకాలమునకు మరచినది.

తిరిగి వచ్చునపుడు కారులో మేము, తమిళనాడున పుదుక్కోట జిల్లాలో 1990 తరువాతి యేండ్లలో జరిగిన సంగతి చెప్పితిమి. అచట స్త్రీలకు అక్షరములతో పాటు సైకిలు త్రొక్కుటయు నేర్పిరనియు, పొలములలో, రాళ్ళగనులలో కూలికి పోవు స్త్రీలు వేలకొలదిగా నేర్చి, నీళ్ళబిందెలు కట్టుకొని బహిరంగముగా రోడ్ల మీద త్రొక్కిరనియు చెప్పగా, అత్తగారు శ్రద్ధగా వినిరి. “పగటిపూటనే?” అని మాత్రము అడిగిరి. పగటిపూటనే అంటిమి.

ఆ రాత్రియే మావారు ఊరిలోని పాత ఇనుము వానిని వెదకించిరి. మామగారి సైకిలు లోడుతో కలిసి ఎన్నడో లారీ ఎక్కిపోయినదని మరునాడు తెలిసినది. ఈపాటికి ఏ కొలిమిలో కరగి ఏ మేడకు ఇనుపకమ్మియైనదో! మా మణికొండ మేడలలోనే యున్నదేమో, చెప్పజాలము. కాని తాళము తీసి చూచిన పొరుగాయన, తలుపు వెనుక మేకునకు గాలిపంపు ఒకటి వ్రేలాడుచున్నదని ఫోనులో చెప్పెను. దానిని ఆర్టీసీ పార్సిలులో తెప్పించితిమి. కర్రపిడి అరిగి నునుపెక్కియుండెను. అత్తగారు దానిని కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాచి, తన మంచము ప్రక్కన ఆనించుకొనిరి.

మా పిల్లవాని సైకిలు ఏడాదిగా క్రింద పార్కింగులో దుమ్ము పట్టి, గాలి లేక పడియున్నది. మొన్నటి ఆదివారమున అత్తగారు తమంతట తామే పంపు చేతబట్టుకొని లిఫ్టు దిగిరి. మనుమరాలు టైరు పట్టుకొన్నది, ఆమె పంపు కొట్టిరి. వాచ్‌మన్ పరుగున వచ్చి తాను కొట్టెదననెను, ఇయ్యలేదు. ముందు చక్రమున గాలి నిలిచినది. వెనుక దానికి వాల్వు రబ్బరు పాడైనందున నిలువలేదు.

“నాకు నేర్పెదవా నాయనమ్మా?” అని పిల్ల అడిగెను.

అత్తగారు చుట్టును వరుసగా నిలిపిన కార్లను చూచిరి. “రేపు పొద్దుగాల అందరు ఆఫీసులకు పోయినంక జాగ అయితది. ముందుగాల మీ నాయిననడిగి ఆ రబ్బరు తెప్పియ్యి” అనిరి.

సాయంకాలము మావారు రబ్బరు తెచ్చిరి.