ఒకే డ్రైవరు, మూడు ల్యాప్‌టాప్‌లు

ఆదివారం తెలుగు బడిలో వై-ఫై ఎందుకు మాటిమాటికీ పోతోందని చాలామంది అడుగుతున్నారు. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మన సంఘానికి వచ్చిన మూడు పాత ల్యాప్‌టాప్‌లలో ఒకటి డెబియన్, ఒకటి ఉబుంటు, ఒకటి ఫెడోరా. మూడూ లినక్సే. వాటికి తగిలించిన యూఎస్‌బీ వై-ఫై డ్రైవరు మాత్రం లినక్సుతో పాటు రాదు. సోర్సు తెచ్చి మనమే కంపైల్ చేసుకోవాలి. కెర్నెల్ అప్‌డేట్ అయితే వై-ఫై పోతుంది, ఆ వారం టీచరమ్మ పాఠం పిల్లలకు అందదు. మన ఇళ్ళలో మాట ఉంది, అక్షరం లేదు. మేమూ అరవ బడిలో చదివి, ఉద్యోగంలో చేరాక స్టేషను బోర్డులు చూసి తెలుగు కూడబలుక్కున్నవాళ్ళమే. ఒక్క ఆదివారం విలువ మాకు తెలుసు.

రైల్వేవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. మీటర్ గేజ్ 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్ 1676. పెట్టె మంచిదే అయినా పట్టా మారితే నడవదు. డ్రైవరు మాడ్యూల్‌లోనూ అది ఏ కెర్నెల్‌కు తయారైందో రాసి ఉంటుంది. దాన్ని వెర్‌మ్యాజిక్ అంటారు. అది కుదరకపోతే కెర్నెల్ లోపలికి రానివ్వదు.

అందుకే నడుస్తున్న కెర్నెల్‌కు సరిపోయే హెడర్లు కావాలి. "యూనేమ్ -ఆర్" అని కొడితే కెర్నెల్ నంబరు కనిపిస్తుంది. హెడర్ల ప్యాకేజీ పేరు ఒక్కోచోట ఒక్కోటి: డెబియన్‌లో లినక్స్-హెడర్స్-ఏఎండీ64, ఉబుంటులో లినక్స్-హెడర్స్-జెనరిక్, ఫెడోరాలో కెర్నెల్-డెవెల్. ఫెడోరాలో అప్‌డేట్ చేసి రీబూట్ చేయకపోతే కొత్త నంబరు హెడర్లు దిగి, పాత కెర్నెల్ నడుస్తూ ఉంటుంది. అక్కడే చాలామంది తికమకపడతారు.

దీనికి మందు డీకేఎంఎస్. డెల్ ఇంజినీర్లు మొదలుపెట్టిన ఈ పనిముట్టు సోర్సును దగ్గర పెట్టుకొని, కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా తానే మళ్ళీ కంపైల్ చేస్తుంది. మూడింటిలోనూ దొరుకుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాడ్యూల్‌కు సంతకం ఉండాలి, ఆ తాళంచెవిని రీబూట్ సమయంలో ఒకసారి నమోదు చేయాలి.

డీకేఎంఎస్ ఉన్నా పూర్తి భరోసా లేదు. కెర్నెల్ లోపలి పద్ధతులు మారితే పాత సోర్సు కంపైల్ కాదు. ఆ రోజు గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే పాఠం ఆగదు.

ఇకపై శనివారం ఎవరూ అప్‌డేట్ చేయకండి. ఎవరైనా కొత్త అడాప్టర్ కొనిస్తామంటే సంతోషమే, డ్రైవరు కెర్నెల్‌లోనే ఉందా అని ముందు అడిగి కొనండి.