ఎనిమిది ఇంజన్ల లెక్క

మోడల్ రైళ్లకు డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పెట్టుకుందామనుకునేవాళ్లు ముందుగా తర్జనభర్జన పడేది ఆదేశాలు పంపే డబ్బా, అంటే కమాండ్ స్టేషన్ గురించే. నా లెక్కలో అది చిన్న ఖర్చు, ఒక్కసారితో పోతుంది. డీకోడరు అలా కాదు, ప్రతి ఇంజన్‌కీ ఒకటి కావాలి. పాత డీసీ పద్ధతిలో వోల్టేజీ పెంచితే పట్టాల మీదున్న బండ్లన్నీ కదులుతాయి. డీసీసీలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాంతోపాటే ఆదేశాలూ వెళ్తాయి. ఏ నంబరుకి పంపితే ఆ ఇంజన్‌లోని డీకోడరే వింటుంది.

నా దగ్గర ఎనిమిది ఇంజన్లున్నాయి, అన్నీ డీకోడరు లేని జపాన్ ఎన్ గేజ్ బండ్లు. ఇక్కడ మలేషియాలో పేరున్న కమాండ్ స్టేషన్ 1,100 రింగిట్ల దాకా పలికింది. మామూలు డీకోడరు సుమారు 140, ఎనిమిదింటికీ 1,120. శబ్దం చేసేవైతే ఒక్కోటి 500, మొత్తం 4,000! ఇది కాగితం మీద పెట్టాక ఏ డబ్బా బాగుందన్న చర్చే ఆగిపోయింది.

ఈ సరుకంతా డాలర్లలోనో యూరోల్లోనో కొనాలి. 2024 ఫిబ్రవరిలో డాలరు 4.80 రింగిట్లకు చేరింది; 1998 తర్వాత రింగిట్ అంత దిగజారలేదు. పైగా ఆ జనవరి నుంచే, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే 500 రింగిట్లలోపు విదేశీ సరుకు మీద 10 శాతం పన్ను మొదలైంది. కొనకుండా ఆగాను. సెప్టెంబరు చివరికి డాలరు 4.15 లోపలికి దిగింది. అది అదృష్టమే, నా తెలివేం కాదు.

ఆ ఏడాది మే నెలలోనే ఇక్కడి ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఖాతాను మూడుగా విడదీశారు. మూడోదైన ఫ్లెక్సిబుల్ ఖాతాలో కొత్తగా పడే డబ్బులో 10 శాతం చేరుతుంది, ఎప్పుడైనా తీసుకోవచ్చు. స్నేహితులు తీసెయ్యమన్నారు. "బొమ్మ రైలుకి ముసలితనం డబ్బా?" అంది మా ఆవిడ. దాని జోలికి పోలేదు, 2024కి 6.30 శాతం డివిడెండు వచ్చింది. జీతంలోంచి నెలకు 150 తీసిపెట్టాను, నెలకో డీకోడరు.

కమాండ్ స్టేషన్‌గా డీసీసీ-ఈఎక్స్ ఎంచుకున్నాను. ఆర్డ్వినో మెగా బోర్డు, మోటార్ షీల్డు, వైఫై ముక్క కలిపి 300 లోపే. సాఫ్ట్‌వేరు ఉచితం, కంట్రోలరుగా పాత ఫోను. రేపు దీన్ని మార్చినా డీకోడర్లు పనికొస్తాయి, ఎందుకంటే డీసీసీ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. జర్మనీలోని లెంజ్ కంపెనీ పని ఆధారంగా అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1990లలో ప్రమాణంగా పెట్టింది.

బిగించడం నేనే చేసుకుంటాను. ఎరుపు, నలుపు తీగలు పట్టాల వైపు. నారింజ, బూడిద రంగువి మోటారుకి. మోటారు బ్రష్ ఎక్కడైనా లోహపు చట్రాన్ని తాకిందా, కరెంటు ఇవ్వగానే డీకోడరు కాలిపోతుంది, 140 రింగిట్లు గోవిందా. అందుకే టంకం వేసే ముందు మల్టీమీటరు పెట్టి చూస్తాను.

శబ్దం ఒక్క బండికే ఇచ్చాను. మలేషియా రైల్వే సంస్థ కేటీఎం ఒకప్పుడు ఇండియా నుంచి ఆల్కో డిజైన్ మీటర్ గేజ్ వైడీఎం4 డీజిల్ ఇంజన్లను అద్దెకు తెచ్చుకుంది (అంత పెద్ద రైల్వేయే అన్నీ సొంతంగా కొనలేదు మరి!). ఆ రంగులు వేసుకున్న నా బండికి ఆల్కో ఇంజన్ గురక లేకపోతే ఎలా?

బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే పాయింట్లు మాత్రం ఇంకా చేత్తోనే మారుస్తున్నాను. వాటికి మోటార్లు, మళ్లీ డీకోడర్లు అంటే ఇంకో వెయ్యి దాటుతుంది. బల్లేమో చెయ్యి చాపితే అందేంతే.