పన్నెండు రంగుల డబ్బా

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీటు చూసి లేవబోతూ ఈమధ్య చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "మేడమ్, మీ టేబుల్ మీద ఉండే ఆ చిన్న రంగుల డబ్బా ఎక్కడ కొన్నారు? మావాడు అదే కావాలంటున్నాడు." నేను చెప్పేది ఇంగ్లీషు. డ్రాయింగ్ నా సబ్జెక్టు కాదు, ఎక్కడా నేర్చుకోనూ లేదు. కాకపోతే రెండేళ్లుగా ఆ డబ్బా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటోంది. వేసవి సెలవులు వస్తున్నాయి కాబట్టి, నాకు తెలిసినంత రాస్తున్నాను.

పుట్టినరోజులకు మన పిల్లలకు 36 రంగుల పెట్టెలు, 48 రంగుల పెట్టెలు వస్తుంటాయి. చూడ్డానికి బాగుంటాయి. తడి బ్రష్ పెట్టి ఎంత రుద్దినా సుద్దపొడి కలిపినట్టు వెలిసిన రంగే వస్తుంది. దాంతో పిల్ల "నాకు పెయింటింగ్ రాదు" అని తేల్చేసుకుంటుంది. తప్పు పిల్లది కాదు, బిళ్లది. నీటిరంగు అంటే రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే తుమ్మ జాతి చెట్టు బంక. చవక బిళ్లల్లో అసలు రంగుపొడి తక్కువ, నింపుడు సరుకు ఎక్కువ. అదే డబ్బు పెట్టి 12 రంగుల మంచి స్టూడెంట్ సెట్టు కొనండి. అరచేతిలో పట్టేది చాలు. మూత తెరిస్తే అదే రంగులు కలుపుకునే పళ్లెం కావాలి. హాఫ్ పాన్ అనే చిన్న గడులుంటాయి, ఒక్కోదాంట్లో దాదాపు 2 మిల్లీలీటర్ల రంగు పడుతుంది. ఒకటి ఖాళీ అయితే కొత్త సెట్టు కొననక్కర్లేదు. ఆ రంగు ట్యూబ్ తెచ్చి గడిలో పిండి, రెండు రోజులు ఆరనిస్తే మళ్లీ బిళ్ల తయారు. క్యామెల్ ట్యూబులు మన స్టేషనరీ షాపుల్లోనే దొరుకుతాయి. పోస్టర్ కలర్ కాదు, వాటర్ కలర్ అని చూసి మరీ తీసుకోండి.

పెట్టె కంటే కాగితం ముఖ్యం. ఇది ఎవరూ నమ్మరు. మామూలు డ్రాయింగ్ బుక్ పేజీ నీళ్లు తగలగానే అప్పడంలా ముడుచుకుపోతుంది. 300 జీఎస్ఎమ్ కాగితం ఖరీదే, కానీ ఒక ఏ3 షీటు కోస్తే పోస్టుకార్డంత ముక్కలు ఎనిమిది వస్తాయి. పిల్లలకు ఆ సైజే నయం, పావుగంటలో బొమ్మ పూర్తవుతుంది.

నేను ఈ డబ్బా కొన్నది మాత్రం పిల్లల కోసం కాదు. మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కో విడత నాలుగు గంటలు. ఆదివారం వంతు నాది. సూది ఉన్న చెయ్యి కదపకూడదు కాబట్టి ఆయన పైకప్పు చూస్తూ పడుకునేవారు, నేను ఫోన్ చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఇద్దరికీ మాటలు తక్కువే. అక్కడ గ్లాసుతో నీళ్లు పెట్టుకుని కూర్చునే వీల్లేదు. పిడిలోనే నీళ్లుండే బ్రష్ ఒకటి ఉంటుంది, వాటర్ బ్రష్ అంటారు. అదీ, డబ్బా, పాత పంచె ముక్కా ఉంటే ఒళ్లో పెట్టుకునే వేసుకోవచ్చు.

నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు ఎర్ర బస్సు వేశాను, డబ్బాలో ఉన్న క్రిమ్సన్‌తో. ఆయన తల తిప్పి చూసి, "అది బస్సు ఎరుపు కాదమ్మా, గాజుల ఎరుపు" అన్నారు. కొంచెం పసుపు కలిపాను. "ఇంకొంచెం." ఇంకొంచెం కలిపాను. "ఆ, ఇప్పుడు డిపోలోంచి బయటికొచ్చింది." ఆ తర్వాత రాజమండ్రి నుంచి గోకవరం వెళ్లే బస్సులో జనం ఎలా వేలాడేవారో, రంపచోడవరం దాటాక వానలో అద్దం తుడవడానికి ఎవరు దిగేవారో, గంటన్నర చెప్పారు. అవేవీ నేను అంతకుముందు వినలేదు. ఇప్పుడు ప్రతి కార్డు వెనకా, టికెట్ల లెక్క రాసిన ఆ పొందికైన అక్షరాలతో ఖాళీ చేత్తో ఊరి పేరు రాస్తారు. నలభై దాటాయి.

ఇందులో కళ ఎంతుందో నేను చెప్పలేను. రాజమండ్రి చిత్రశాలలో దామెర్ల రామారావు గారి బొమ్మల ముందు నిలబడితే మన లెక్క మనకు తెలుస్తుంది. ఆయన 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయారు. నా వయసే.

క్లాసులోకి ఈ డబ్బా తర్వాత వచ్చింది. ఏడో తరగతి పిల్లల్ని చెట్టు గురించి రాయమంటే అందరూ 'గ్రీన్' అని రాసి ఊరుకుంటారు. ఒకరోజు వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, ఆ గ్రీన్ కలిపి చూపించమన్నాను. లేత చిగురు అసలు గ్రీనే కాదని, రాగిరంగని, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల గొడవపెట్టుకుంది, అదీ ఇంగ్లీషులో. వ్యాకరణం సంగతి అడక్కండి. "ఇవన్నీ పెట్టుకుంటే ఒలింపియాడ్‌కి ఎప్పుడు చదువుతుంది?" అని వాళ్లమ్మగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దీనివల్ల మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. రోజుకు పావుగంట ఇవ్వమని మాత్రం అడిగాను. ఆవిడ వారానికి మూడు రోజులు ఒప్పుకున్నారు.

ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని. బ్రష్‌ను నోట్లో పెట్టి మొన తీర్చే అలవాటు మొదటిరోజే మాన్పించండి. గ్లాసులో నిలబెట్టి వదిలేస్తే మొన వంకరపోతుంది. రంగులు తడిగా ఉండగా మూత వేయకండి, వానాకాలం బూజు పడుతుంది. తెలుపు అయిపోయిందని కంగారు పడకండి, ఇందులో తెలుపంటే వదిలేసిన కాగితమే. నలుపు కూడా తక్కువ వాడనివ్వండి. అల్ట్రామెరైన్ బ్లూలో బర్న్ట్ సియెన్నా కలిపితే అంతకంటే మంచి నీడ వస్తుంది.

వచ్చే మీటింగ్‌కి డబ్బా తెస్తాను. కొనేముందు మీరూ పిల్లలూ ఒకసారి తడిపి చూడండి. ఎరుపు గడి మాత్రం అడుగంటింది, కొత్త ట్యూబ్ కొనాలి.