ఆదివారం... పాలకూర పప్పు!

మొయినాబాద్‌లోని ఆ ఇంట్లో ఆదివారమంటే మటనే. క్యాన్సర్ చికిత్స పూర్తయ్యాక కోడలు మాంసం మానేసింది. 'గీ ఆకులు తింటే బలమెట్లొస్తది బిడ్డా?' అని అత్తకు బెంగ.

తిండితో జబ్బు నయమైపోదని డాక్టర్ ముందే చెప్పారు. మందులు, పరీక్షలు ఆపొద్దన్నారు. మాంసకృత్తులకి పప్పులూ సోయా తినమన్నారు, బి12 మాత్ర మరవొద్దన్నారు. ఎర్ర మాంసం బహుశా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రకటించింది.

నేలకూ మేలే. నెమరువేసే మేకలూ గొర్రెలూ మీథేన్ వదులుతాయి. కంది మొక్క వేళ్లు నత్రజనిని పట్టి నేలకిస్తాయి. పైగా చేవెళ్ల టమాటాలు, ఆకుకూరలు పక్కనే దొరుకుతాయి.

ఆ ఇంట్లో మటన్ ఇంకా ఉడుకుతోంది. కాకపోతే పక్క పొయ్యిమీద పాలకూర పప్పుకి తాలింపు పెడుతున్నది... అత్తగారే!