గొంతు ఆగిన చోట

సావనీరుకి ఏదైనా రాయమని యూనియన్ పిల్లలు వచ్చినప్పుడు, "నాకేం వచ్చు బాబూ రాయడం" అని తప్పించుకోబోయాను. "మీ రోజుల సంగతి ఏదో ఒకటి రాయండి సార్" అని పట్టుబట్టారు. సరే, ఒక సాయంకాలం సంగతి రాస్తాను. అది బెంజ్ సర్కిల్ దగ్గర జరిగింది.

అది 1984. హాస్టల్లో నా గదిలో ఉన్న మిత్రుడికి పుట్టుకతోనే చూపు లేదు. దివిసీమ వాడు. ఇద్దరిదీ ఇంగ్లీషు సాహిత్యమే. బ్రెయిల్ పుస్తకాలు మాకు దొరికేవి కావు. రాత్రి భోజనాలయ్యాక పాఠాలు పైకి చదివి వాడికి వినిపించడం నా పని.

వాడు రేడియో వింటూ పెరిగినవాడు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి మా కృష్ణాజిల్లా ఇళ్ళకి నాటకాలు వినడం నేర్పింది. నాటకం మొదలైన రెండు నిమిషాల్లో, ఇది నండూరి సుబ్బారావుగారి గొంతు, ఇది ఫలానావారిది అని వాడు చెప్పేసేవాడు. అటువంటి చెవులకి నా చదువు ఎలా ఉండేదో ఊహించుకోండి!

ఆ ఏడు మాకు ఎడ్గార్ ఎలన్ పో రాసిన 'ది బ్లాక్ క్యాట్' ఉంది. నేను కథంతా గబగబా చదివేశాను. వాడు తాపీగా విని, "ఒరేయ్, హత్య జరిగినట్టు లేదురా. రేడియోలో బజారు ధరలు చెప్పినట్టుంది" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. మర్నాడు రాత్రి కేకలు పెట్టి, గొంతు వణికించి చదివాను. పక్కగదుల వాళ్ళు తలుపులు బాదారు. మావాడు మాత్రం కడుపుబ్బ నవ్వాడు.

ఈ సంగతి మా మాస్టారి చెవిన పడింది. ఆయన బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో ఒక సందులో అద్దెకుండేవారు. "ఆదివారం సాయంత్రం ఇద్దరూ ఇంటికి రండి. చదవడమంటే ఏమిటో వినిపిస్తాను" అన్నారు. అమెరికా నుంచి ఎవరో తెచ్చిచ్చిన క్యాసెట్ ఆయన దగ్గర ఉంది. చదివింది బాసిల్ రాత్‌బోన్. వెండితెర మీద 14 చిత్రాల్లో షెర్లాక్ హోమ్స్‌గా వేసిన నటుడు. 1952లో ఇద్దరు అమ్మాయిలు న్యూయార్క్‌లో కేడ్‌మన్ అనే రికార్డుల సంస్థ పెట్టారు. కవుల చేత, నటుల చేత సాహిత్యం చదివించి రికార్డులు చేయడమే దాని పని. రాత్‌బోన్ పో కథలు చదివింది వారికే.

వినిపించేముందు మాస్టారు నాలుగు మాటలు చెప్పారు. గోతిక్ కథలు 1764లో హొరేస్ వాల్‌పోల్ 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'తో మొదలయ్యాయి. పాడుబడ్డ కోటలు, చీకటి నేలమాళిగలు, పూర్వుల పాపాలు వాటి సరుకు. 1843లో ఈ కథ రాసిన పో ఆ చీకటిని కోటలోంచి తీసి మనిషి బుర్రలో పెట్టాడు. అందుకే కోట అక్కర్లేదు, గొంతు చాలు అన్నారు మాస్టారు.

మీట నొక్కారు. బయట మద్రాసు–కలకత్తా రోడ్డు మీద లారీల మోత. ఈ గోలలో భయం ఏం వేస్తుందిలే అనుకున్నాను. కథ చెప్పేవాడు మర్నాడు ఉరికంబం ఎక్కవలసినవాడు. రాత్‌బోన్ చదువుతుంటే ఒక పెద్దమనిషి తన ఇంటి గొడవ మనకి విన్నవించుకుంటున్నట్టుంది. భార్యని చంపడం, శవాన్ని నేలమాళిగ గోడలో పెట్టి కట్టేయడం, అన్నీ అలాగే చెప్పుకుపోయాడు. పోలీసులు వెదికి వెదికి వెళ్ళిపోతున్నారు. వాడు గర్వం పట్టలేక చేతికర్రతో ఆ గోడ మీదే కొట్టాడు. గొంతు ఆగింది. క్షణమే అయివుంటుంది, నాకు మాత్రం లారీలు కూడా ఆగిపోయినట్టనిపించింది.

గోడలోంచి ఏడుపు వినిపించేలోగా మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. "ఇంక చాలు మాస్టారూ" అన్నాడు. ఆయన మారుమాట్లాడకుండా ఆపేశారు. అమ్మగారు కాఫీలిచ్చారు. తాగి బయల్దేరాం.

బెంజ్ సర్కిల్లో బస్సు కోసం నిలబడ్డాం. అక్కడ, ఆ లారీల హారన్ల మధ్య, వాడు చెప్పాడు.

"తుపాను రాత్రి మేం అటకమీద ఉన్నాంరా. నీళ్ళొచ్చి గోడ పడిపోయింది. చెల్లి అవతల ఉండిపోయింది. అన్నయ్యా, అన్నయ్యా అని పిలుస్తూనే ఉంది. తర్వాత పిలవలేదు."

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన సంగతి మీలో చాలామంది పెద్దల నోట వినే ఉంటారు. 10,000 మంది దాకా పోయారు. వాడి చెల్లెలు వారిలో ఒకతె అని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. ఏడాదిగా ఒకే గదిలో ఉంటున్నాం.

"వచ్చినవాళ్ళందరూ గాలి ఎంత వీచింది, నీళ్ళు ఎంతెత్తు వచ్చాయి అని అడిగారు. ఆ పిలుపు ఆగిపోవడం గురించి ఎవరడుగుతారు? ఆ గొంతు ఆగినప్పుడు మళ్ళీ అక్కడే ఉన్నాన్రా" అన్నాడు.

ఓదార్చడానికి నాకు మాట రాలేదు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడోది ఎక్కాం.

వారం పోయాక వాడే, "ఆ కథ ఆఖరుదాకా చదవరా, పరీక్షకి కావాలి" అన్నాడు. చదివాను. అరవలేదు, పరుగెత్తలేదు. గోడ మీద కర్ర పడ్డచోట ఆగాను. వాడు కాసేపుండి, "ఊఁ" అన్నాడు. అప్పుడు ముందుకి వెళ్ళాను. మంచి నటుడు మనల్ని భయపెట్టడు. మనలో ఉన్న మాట పైకి రావడానికి కాస్త చోటిచ్చి పక్కకి తప్పుకుంటాడు. నాకు తెలిసిన సాహిత్య విమర్శ అంతా అంతే.

మావాడు పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కి, ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. మొన్నామధ్య ఇద్దరం కారులో బెంజ్ సర్కిల్ మీదుగా వెళ్ళాం. 2020లో వచ్చిన ఫ్లైఓవర్ మీంచి అర నిమిషంలో దాటేశాం. ఇప్పుడు రాత్‌బోన్ చదివిన కథలు ఫోన్లోనే దొరుకుతాయి. పెట్టమంటావా అని అడిగాను. "ఎందుకు, నువ్వున్నావుగా" అన్నాడు.

హాస్టల్లో మీ పక్క మంచం మీద ఎవరున్నారో చూసుకోండి. ఏదైనా ఒక కథ పైకి చదివి వినిపించండి. ఆగవలసినచోట ఆగండి. వాళ్ళు ఏమైనా చెప్పదలుచుకుంటే, పుస్తకం మూసేయండి.