రామేశ్వరంలో ఆఖరి రోజు

శ్రీకాళహస్తి, తిరుపతి, కంచి, చిదంబరం, తంజావూరు, శ్రీరంగం, మదురై... కారేసుకుని దక్షిణాది యాత్రకు బయల్దేరిన తెలుగు కుటుంబాల ప్రయాణం దాదాపుగా ఈ వరసలోనే సాగుతుంది. రోజుకో ఊరు, పూటకో గుడి! రామేశ్వరం చేరేసరికి పెద్దవాళ్ల కాళ్లు వాచిపోతాయి. పిల్లలు గోపురం కనిపిస్తే చాలు, మొహం తిప్పేసుకుంటారు. అయినా సరే, ఇరవై రెండు తీర్థాల్లో స్నానం, దర్శనం అయిపోగానే 'ఇంత దూరం వచ్చాం, కన్యాకుమారి కూడా చూసేద్దాం' అంటారు ఎవరో ఒకరు. అదెంత దూరం? మరో 300 కిలోమీటర్లు!

ఆ మాటకు తలూపకుండా, యాత్రలో చివరి రోజుని ఈ దీవికే వదిలేస్తే మాత్రం దక్కేది చాలానే ఉంది.

పొద్దున్నే లేవాల్సిన పనిలేదు. కానీ ఇన్నాళ్ల అలవాటుకొద్దీ పెద్దవాళ్లకి మెలకువ వచ్చేస్తుంది. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో అప్పటికే వాకిళ్లు చిమ్మి ముగ్గులు వేస్తుంటారు. చిన్న హోటల్లో ఫిల్టర్ కాఫీ తాగి, అగ్నితీర్థం గట్టుమీద కూర్చుంటే అలల్లేని సముద్రం చెరువులా కనిపిస్తుంది. మొన్నటిదాకా తడిబట్టలతో ఒక బావి నుంచి ఇంకో బావికి పరిగెత్తినవాళ్లకి, ఊరు కంటికి ఆనేది ఇప్పుడే.

టిఫిను కాగానే ధనుష్కోటి. రామేశ్వరం నుంచి సుమారు 20 కిలోమీటర్లు. ఒకప్పుడు చివరి దూరమంతా ఇసుకలో, నీళ్లలో వ్యానుల్లో పడుతూ లేస్తూ వెళ్లేవారు. 2017లో అరిచల్‌మునై దాకా రోడ్డు పడింది. ఇప్పుడు సొంత కారే కొసదాకా వెళ్తుంది. ఒకవైపు బంగాళాఖాతం, రెండోవైపు మన్నారు సింధుశాఖ. నెమ్మదిగా ఉండే బంగాళాఖాతాన్ని ఆడ సముద్రమనీ, ఎగిసిపడే రెండోదాన్ని మగ సముద్రమనీ అంటారు ఇక్కడి జాలర్లు. చలికాలంలో రాజహంసలు కూడా వస్తాయి. దారిలో కనిపించేది కోదండరామాలయం. విభీషణుడు రాముణ్ని శరణు కోరింది ఇక్కడేనని చెబుతారు.

ధనుష్కోటి ఒకప్పుడు సందడైన రేవు. 1914లో పాంబన్ వంతెన వచ్చాక మద్రాసు నుంచి రైల్లో ఇక్కడికి వచ్చి, స్టీమరెక్కి సింహళంలోని తలైమన్నార్‌లో దిగి, మళ్లీ రైల్లో కొలంబో చేరేవారు. స్టేషను, పోస్టాఫీసు, చర్చి, బడి... అన్నీ ఉండేవి. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను వాటన్నిటినీ ఊడ్చేసింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలుని ఉప్పెన మింగేసింది. అందులో ఉన్న వందమందికి పైగా జనం చనిపోయారు. ఆ తర్వాత ఆ ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది.

మిగిలినవి కప్పులేని చర్చి గోడలు, స్టేషను మొండిగోడలు. వాటి పక్కనే జాలరి కుటుంబాలు మళ్లీ పాకలు వేసుకున్నాయి. వాళ్లు సముద్రానికి కొద్ది అడుగుల దూరంలో ఇసుక తవ్వి మంచినీళ్లు తోడుకోవడం పిల్లలకి తప్పకుండా చూపించాలి. ఇసుకలోకి ఇంకిన వాన నీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా నిలుస్తాయి. లోతుగా తవ్వితే మాత్రం ఉప్పే! ఏ పుస్తకం చెప్పినా ఇంత బాగా అర్థం కాదు.

హడావుడిగా వచ్చినవాళ్లు ఆ గోడల ముందు ఫొటో దిగి కారెక్కేస్తారు. కాసేపు ఆగితే, అది ఒకరి ఇల్లు, ఒకరి బడి అని తోస్తుంది. పూసల దండలమ్మే ఆవిడతో నాలుగు మాటలు కలుస్తాయి. వచ్చీరాని తమిళం, వచ్చీరాని తెలుగు... బేరం సంగతి మర్చిపోతారు.

అరిచల్‌మునైలో రోడ్డు ఆగిపోతుంది. అవతల శ్రీలంక ఎంతో దూరం లేదు, 30 కిలోమీటర్ల లోపే. రెండు నీళ్లు కలిసేచోట ప్రవాహం బలంగా ఉంటుంది, లోపలికి దిగకూడదు. చీకటి పడేలోగా వెనక్కి రావాలి. నీడ తక్కువ కాబట్టి మంచినీళ్లు, గొడుగులు వెంట ఉండాలి.

సాయంత్రం పాంబన్ రోడ్డు వంతెన వైపు వెళ్తే పక్కనే రైలు వంతెన. నూరేళ్లు దాటిన పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆగిపోయాయి. కొత్తది 2025 ఏప్రిల్‌లో మొదలైంది. పడవలకి దారివ్వడానికి దాని మధ్యభాగం లిఫ్టులా నిలువునా పైకి లేస్తుంది. ఉప్పుగాలికి నిలబడటమే ఇక్కడ ఇంజినీర్లకి పెద్ద పరీక్ష.

కాశీయాత్రకి ఓ ఆనవాయితీ ఉంది. సేతువు దగ్గరి ఇసుక తీసుకెళ్లి ప్రయాగలో గంగలో కలపాలి. అక్కడి గంగాజలం తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయించాలి. అందుకే ఇంటి పెద్దావిడ కొంగు చివర గుప్పెడు ఇసుక మూటగట్టుకుంటుంది. కాశీ ఎప్పుడో, ఎవరు తీసుకెళ్తారో తేలదు. 'నాకు కుదరకపోతే మీరైనా కలపండి' అంటుంది. కొడుకు, కోడలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కన్యాకుమారి ఊసు మరి రాదు. మర్నాటి ప్రయాణానికి బట్టలు సర్దే పని మొదలవుతుంది.