"దాని తల్లిని చూసినవా?"



పర్షియన్ పిల్లుల్ని సాకి కూనల్ని అమ్మితే మంచి ఆదాయం ఉంటదా అని మన గ్రూపులో కొందరు అడుగుతున్నరు. మేం ముగ్గురం ఆ దారిల కొంత దూరం పోయి వెనక్కి వచ్చినం. జరిగింది జరిగినట్టు రాస్తున్నం.

మాది వీపనగండ్ల మండలంలో ఒక తండా. వనపర్తిలో రూము తీసుకొని డిగ్రీ చదువుతున్నం. పోయిన ఏడాది ఒక జత పిల్లులతో మొదలుపెడదామనుకున్నం. మాలో ఒకని యాడి రెండు మేకలమ్మి పైసలిచ్చింది. దుకాణంలో కాకుండ బ్రీడర్ దగ్గర కొంటే జబ్బులుండవు, గుణం మంచిగుంటదని విని నమ్మినం. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర ముందుగా ఒక ఆడకూనను 12,000కు మాట్లాడినం. ఆయన ఇంటికి రానియ్యలేదు. మెట్రో స్టేషన్ కింద బుట్టలో తెచ్చి ఇచ్చిండు. తాత ముత్తాతల పేర్లున్న కాగితం, టీకాల కార్డు చేతిలో పెట్టిండు. మూడు నెలల కూన అన్నడు.

నాలుగో రోజుకు తుమ్ములు, కళ్ళల్ల చీము. పశువుల దవాఖానకు తీసుకపోతే డాక్టర్ సారు నోరు తెరిచి చూసి, "పాలపళ్ళే ఇంకా పూర్తిగ రాలే, మూడు నెలలెక్కడివి?" అన్నడు. కార్డు మీద తేదీ ఉంది గానీ టీకా సీసా స్టిక్కర్ లేదు. మందులకు ఇంకో మూడు వేలయినయ్. కూన బతికింది, కానీ ఒక కంటికి పొర మిగిలింది. మనిషి అలికిడైతే మంచం కిందికి ఉరుకుతది. పట్టుకుంటే రక్కుతది. ఆయన మళ్ళీ ఫోన్ ఎత్తలే.

తండాకు పోయి చెప్తే యాడి ఒక్కటే అడిగింది: "దాని తల్లిని చూసినవా?" మేం తల దించుకున్నం. ఆమె తల్లి మేకను, దాని పొదుగును, అది ఉన్న కొట్టాన్ని చూడకుండ మేకపిల్లకు బేరం చెయ్యదు. అమ్రాబాద్ దిక్కు పొడతూర్పు కోడెలకు పోయే పెద్దోళ్ళు గూడ మందను చూసి, కోడెను నడిపించి చూసి మాట్లాడుతరు. మేం మాత్రం చదువుకున్నోళ్ళమై కాగితం చూసి మోసపోయినం.

తర్వాత చదివి తెలుసుకున్నం. పర్షియన్లలో కిడ్నీల నిండ నీటిబుడగలు పెరిగే జబ్బు ఒకటి ఉంది. తల్లిదండ్రుల్లో ఒక్కదానికున్నా కూనల్లో సుమారు సగానికి రావొచ్చు. చిన్నప్పుడు బయటికి కనబడదు, చాలావాటికి నడివయసులో కిడ్నీలు దెబ్బతింటయి. 2004లో అమెరికాలో లెస్లీ లయన్స్ బృందం దానికి కారణమైన జన్యుమార్పును గుర్తించింది. ఇప్పుడు పరీక్ష ఉంది. వంశం కాగితం కూన ఎవరికి పుట్టిందో చెప్తది, పరీక్ష కాగితమే ఆ జబ్బు ఉందో లేదో చెప్తది. అది గూడ ఆ ఒక్క జబ్బు గురించే. చదును మొహంతో వచ్చే ఊపిరి ఇబ్బంది, కళ్ళ నీళ్ళు జాతి రూపంలోనే ఉన్నయి.

గుణం సంగతి గూడ అంతే. రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో మెలిగిన కూన తేలికగ మచ్చికైతది. 2017లో హెల్సింకి యూనివర్సిటీ వాళ్ళు 5,700కు పైగా పిల్లుల వివరాలు చూస్తే, ఎనిమిది వారాలు నిండకముందే తల్లిని విడిచినవాటిలో కోపం ఎక్కువ కనబడ్డది. అదే ఏడాది మన కేంద్రం బ్రీడర్ల మీద తెచ్చిన నియమాలు కుక్కలకు సంబంధించినవి. పిల్లుల బ్రీడర్‌ను మనమే జాగ్రత్తగ చూసుకోవాలె.

బ్రీడర్లందరూ మోసగాళ్ళని మేం అనట్లేదు. తల్లిని చూపించి, పరీక్ష కాగితాలిచ్చి, పన్నెండు వారాల దాకా తల్లి దగ్గరే ఉంచేటోళ్ళ దగ్గర కొంటే ప్రమాదం తగ్గుతది. పూర్తిగ పోదు. "బ్రీడర్" అనే మాట ఒక్కటే ఏ భరోసా ఇయ్యదు.

రెండో పిల్లిని మేం కొనలే. పరీక్షలు, టీకాలు, పన్నెండు వారాల తిండి లెక్కేస్తే మా పైసలు సరిపోవు. అవన్నీ ఎగ్గొట్టి అమ్మితే, రేపు ఇంకో తండా పిల్లగానికి మెట్రో కింద బుట్ట అందించేది మేమే అయితం. మిగిలిన పైసలు యాడికే ఇచ్చినం. ఆమె ఒక మేకను కొన్నది, తల్లిని చూసే.

పిల్లి మా రూములోనే ఉంది. ఈ మధ్య మంచం కింది నుంచి వచ్చి మా ముందరే అన్నం తింటున్నది.